ఎనిమిదో పేరు

ఒడలు చేయు పనుల నురుకుందలో నుండి
కనుచుఁ గాచు తండ్రి! కరుణతోడ
నాదు నోటి కతను నరసింహ! నడుపవే
నిజము గాని దెందు నిలువనీక.

ఉరుకుందలో ఈరన్నగా వెలసిన నరసింహస్వామి పాదాలకు నమస్కరించి, నేను చేసిన తప్పు ఒకటి నా నోటితోనే చెప్పుకొంటున్నాను. ఇది పింగళ నామ సంవత్సరపు వైశాఖ జ్యేష్ఠ మాసాలలో, అనగా పందొమ్మిదివందల డెబ్బై ఏడు వేసవిలో జరిగింది. అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి.

ఆ వైశాఖంలో పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. పదో తరగతి ముగించిన పిల్లలకు ముందున్న దారులు తెలియజెప్పడానికి ప్రతి పాఠశాలలో ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలట. దాని వెంటనే ఆదోనిలోని ఒక పత్తిమిల్లు నుంచి ఉత్తరం వచ్చింది. యంత్రాల పని నేర్చుకోవడానికి ఎనిమిది మంది అప్రెంటిస్‌లు కావాలి. మూడేళ్ళ శిక్షణ, నెలనెలా కొంత భృతి, చివర ప్రభుత్వ పరీక్ష, యోగ్యతాపత్రం.

"పండితులు గారూ, ఈ పని మీరే చేయాలి" అన్నారు మా ప్రధానోపాధ్యాయులు యేసేపు గారు.

"నాకు యంత్రాల సంగతి ఏం తెలుసునండీ? లెక్కల మాస్టరు గారున్నారు కదా."

"ఆయన చెప్తే జనం లెక్క అడుగుతారు. మీరు చెప్తే నమస్కారం పెట్టి వింటారు."

మరుసటి ఆదివారం పిల్లల తల్లిదండ్రులను పిలిపించాము. ఆదోనిలో మిల్లుకు ఎదురుగా చిన్న కార్ఖానా నడుపుకొంటున్న గఫూర్ సాబ్‌ను కూడా యేసేపు గారు రప్పించారు. ఆయన నలభై ఏళ్ళుగా పత్తి యంత్రాలు బాగుచేస్తున్న మేస్త్రీ. నేను గంటసేపు మాట్లాడాను. విశ్వకర్మను వేదం ఎట్లా కీర్తించిందో చెప్పాను. చేతిపని చిన్నదనుకోవడం అవివేకమన్నాను. పద్యాలు చదివాను. అందరూ తలలూపారు. అప్పుడు గోనెగండ్ల వైపు పల్లె నుంచి వచ్చిన దేవేంద్రప్ప అనే చిన్నరైతు తువ్వాలు భుజం మీద సర్దుకొని లేచాడు.

"అంతా బాగుంది సామీ. పదేండ్లు బడికి పంపింది సుత్తి పట్టిచ్చేదానికా? మా ఊర్లో బసప్ప కొలిమి కాడ బడికి పోకుండానే సుత్తి పట్టొచ్చు గదా."

గది అంతా నవ్వింది. గిడ్డయ్య అనే మరొకతను గఫూర్ సాబ్ చేతిని చూపించి, "సాబ్, నీ సిటికెన యేలు యాడ పోయింది?" అని అడిగాడు.

"మిషన్ తినింది" అన్నాడు గఫూర్ సాబ్ తాపీగా. "నీ పక్కన కూసున్న పెద్దాయప్ప కాలు సూడు. గుంటక తినలేదా? దానికని ఆయప్ప సేద్యం ఇడిసిపెట్టినాడా?"

ఈసారి నవ్వు గిడ్డయ్య మీదికి తిరిగింది. గఫూర్ సాబ్ మాత్రం నవ్వలేదు. "మిషన్ తిరుగుతాంటే దానికి యాడ నొస్తాందో సెవికి తెల్లాల. అది బుక్కులో దొరకదు అన్నా. తెలిసినోని పక్కన నిలబడితే వస్తాది. నిలబడేదానికి సిగ్గుపడితే రాదు. అంతే నేను సెప్పేది."

నా గంటసేపటి ఉపన్యాసం కంటె ఆయన నాలుగు ముక్కలు నయమనిపించాయి. అయినా దేవేంద్రప్పకు మనసు కుదరలేదు. కొడుకు బజారి ఏదైనా కచేరీలో గుమాస్తా అవుతాడని అతని ఆశ. వాళ్ళకున్నది నాలుగెకరాల ఎర్రనేల. దాని మీద ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు బతకాలి. బజారి చదువులో మధ్యరకం, చేతిపనిలో చురుకు. సభ ముగిశాక నేను దేవేంద్రప్పను పక్కకు పిలిచి, "పరీక్షకు పంపించు. వానికి మేలు జరిగే పూచీ నాది" అన్నాను.

అతను నా ముఖంలోకి కాసేపు చూశాడు. "మీరు సెప్తాండారు కాబట్టి పంపుతా సామీ."

అప్పటి నా మనసును దాచడం ధర్మం కాదు. ఆ వేసవిలో నా కొడుకు నరహరి కూడా పదో తరగతి పరీక్షలు వ్రాశాడు. వాణ్ణి తిరుపతికి పంపి భాషాప్రవీణ చదివించాలని, మా వంశంలో పాండిత్యం తెగిపోకూడదని నేను ఎప్పుడో నిశ్చయించాను. ఆ ఆదివారం వాడు చివరి బల్ల మీద కూర్చొని అంతా విన్నాడు. నేను చెప్పినది వానికి కూడా వర్తించవచ్చునన్న ఊహ నాకు లేశమైనా కలుగలేదు.

జూన్ మొదట ఫలితాలు వచ్చాయి. ఆ తరువాత మిల్లువారు పరీక్ష పెట్టారు. ఎన్నికైన ఎనిమిది మందికి ఉత్తరాలు పంపారు. బజారి పేరు ఎనిమిదవది.

తండ్రీకొడుకులిద్దరూ ఆ ఉత్తరం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. దేవేంద్రప్ప ముఖంలో మునుపటి సందేహం లేదు. ఊరంతా చూపించి వచ్చినట్టున్నాడు, కాగితం మడతల దగ్గర మాసిపోయింది.

"పదారో తేదీ గురువారం రమ్మన్నారు సామీ. మంచి దినమేనా, కొంచెం సూసి సెప్పు. మొదటి పారి మావోడు నౌకరీకి పోతాండాడు."

పంచాంగం తీసి చూశాను. గురువారం అమావాస్య. శుక్రవారం పాడ్యమి. శనివారం విదియ, పైగా స్థిరవారం.

"గురువారం వద్దు. శనివారం చేర్చు. స్థిరవారం నాడు చేరిన పని స్థిరంగా ఉంటుంది" అన్నాను.

బజారి ఉత్తరం వైపు చూశాడు. "గురువారమే రమ్మన్నారు సార్. కింద ఇంకా ఏందో రాసినారు."

అడుగున మూడు వరుసలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు ఇంగ్లీషులో అంకెలు, పేర్లు తప్ప మరేదీ సరిగా పట్టుబడదు. ఆ మాట శిష్యుని ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. "అది మర్యాదకు వ్రాసే మాటలే. రెండు దినాలకు మిల్లు ఎక్కడికీ పోదు" అన్నాను.

"సామి సెప్పినాక ఇంకేందిరా" అని దేవేంద్రప్ప కొడుకును కసిరి, నా పాదాలకు నమస్కరించి వెళ్ళాడు.

గురువారం నేను తర్పణాలు ముగించుకొని ఇంటిపట్టునే ఉన్నాను. నరహరి తెల్లవారి బస్సుకే ఆదోనిలో మేనమామ ఇంటికని వెళ్ళాడు. దీపాలవేళకు తిరిగివచ్చి, లోపలికి రాకుండా పెరటివైపు నడిచాడు.

"చేతులకేమిరా అది?" అని అడిగాను.

"గ్రీజు, నాయనా."

నా భార్య వెంకూబాయి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. వాడు మా ఇద్దరికీ వినబడేటట్లు, తల వంచుకొనే, తడబడకుండా చెప్పాడు. "మిల్లు పరీక్ష నేనూ వ్రాసినాను. హెడ్మాస్టరు సారు సంతకం పెట్టి, మీకు చెప్పమన్నారు. నేనే చెప్పలేదు. తొమ్మిదోవాణ్ణి వచ్చినాను. ఎవరైనా రాకపోతే తీసుకొంటాము, గురువారం గేటు దగ్గర ఉండమన్నారు. ఎనిమిదో పేరు మూడుసార్లు పిలిచినారు. ఎవరూ పలకలేదు. అప్పుడు నన్ను లోపలికి రమ్మన్నారు."

"ఎవరిది ఆ పేరు?"

"బజారిది. వానికి ఒళ్ళు బాగాలేదేమో అనుకొన్నాను."

నేను వసారాలో కూర్చున్నాను. వాడు దాచినందుకు కోపం రావలసింది. దాని చోట వేరొకటి నిండిపోయింది. పూచీ నాదన్నాను. దినం మార్చింది నేను. ఆ దినం వల్ల ఖాళీ అయిన చోట కూర్చున్నది నా కొడుకు. లోకం దీనిని ఏ రీతిగా చదువుతుందో నాకు అప్పుడే స్పష్టమయింది.

"ముందు చేతులు కడుక్కో, కిరసనాయిలు తెస్తాను" అంటున్నది వెంకూబాయి వానితో.

బజారి దినం మార్చిన సంగతి ఆ రాత్రే ఇంట్లో చెప్పి, శుక్రవారం పొద్దున్నే ఆదోనికి పోయి, మిల్లు కచేరీలో గుమాస్తాను కలిశాను. ఉత్తరం నకలు తీయించి ఆ మూడు వరుసలు తెలుగులో చెప్పమన్నాను. నియమించిన దినాన హాజరు కాకపోతే చోటు తరువాతివానికి పోతుందని ఉంది.

"ఇది అందరికీ అర్థమవుతుందనే వ్రాసినాము పంతులుగారూ" అన్నాడతను నొచ్చుకొంటూ.

"తప్పు మీది కాదు నాయనా. మళ్ళీ బజారిని చేర్చుకొనే మార్గం ఉందా?"

"మీ అబ్బాయి మానుకొంటానని వ్రాసిస్తే, సోమవారం దాకా వీలుంది."

తిరుగు బస్సులో నా మనసు ఆశ్చర్యంగా తేలికపడింది. నరహరి మానుకొంటే బజారికి న్యాయం జరుగుతుంది, నరహరి తిరుపతికీ పోతాడు. రెండు ముళ్ళూ ఒక్క లాగుకు విడిపోతున్నాయి. ఆ తేలికనే నేను ధర్మమనుకొన్నాను.

శనివారం గోనెగండ్ల నుంచి వచ్చే మొదటి బస్సు కోసం బస్టాండులో నిలబడ్డాను. దేవేంద్రప్ప, బజారి దిగారు. ఇద్దరి నుదుట కుంకుమ. బజారి ఒంటి మీద ఎవరిదో తెల్లచొక్కా, భుజాల దగ్గర వదులుగా ఉంది. ఆదోని బస్సు వైపు నడుస్తున్న వాళ్ళను నేనే ఆపి, జరిగినదంతా చెప్పాను. నాకు ఇంగ్లీషు చదవడం రాదని కూడా చెప్పాను. టీ అంగడి దగ్గర గిడ్డయ్య గ్లాసు పట్టుకొని వింటున్నాడు.

"అమాస మాకు, మిల్లు మీకు. బాగుంది అయ్యోరూ" అన్నాడతను.

దేవేంద్రప్ప అతని వైపు చూడలేదు. మూట నేల మీద పెట్టాడు.

"దినం సూడమని అడిగింది నేనే గదా సామీ" అన్నాడు.

"చెప్పింది నేను. నరహరి చేత మాన్పిస్తాను. సోమవారం బజారి చేరతాడు."

"మాన్పిస్తావులే. మీ అబ్బాయికి సుత్తి తప్పితే నీకూ సంతోషమే గదా."

అతని గొంతులో కోపం లేదు. వాన సంగతి మాట్లాడుకొన్నట్లు అన్నాడు. వేదికనెక్కి గంటసేపు పొగిడిన పనిని నేను నా ఇంటి గడప దాటి రానివ్వనని ఈ మనిషికి మొదటి దినమే తెలుసు. తెలిసి కూడా నా మాట నమ్మి కొడుకును పంపాడు.

"నాయనా, ఊరుకో" అన్నాడు బజారి. తరువాత నా వైపు తిరిగాడు. "సార్, పరీచ్చ దినం నరహరి నా పక్కనే ఉండె. ఇనుము రుద్దమని ఇచ్చినారు. గంట కొట్టినా వాడు ఇడిసిపెట్టలా. వాణ్ణి తిట్టొద్దు సార్."

ఇంటికి వచ్చేసరికి వెంకూబాయి చేటలో బియ్యం చెరుగుతున్నది. నరహరి మిల్లుకు పోలేదు. స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. నేను బస్టాండు సంగతి చెప్పాను, గిడ్డయ్య మాట, దేవేంద్రప్ప మాట కూడా విడువకుండా.

ఆమె చేట దించింది. "మానమని వానికి చెప్పండి, న్యాయమే. తిరుపతికి పొమ్మని కూడా ఆ నోటితోనే చెప్తారా? వాణ్ణి ఒకసారన్నా అడిగినారా?"

"అడిగేదేముంది? పదహారేళ్ళ వానికి ఏం తెలుసును?"

"దేవేంద్రప్ప కొడుక్కూ పదహారే. వానికి తెలుసని గదా మీరు ఊరంతా పిలిచి చెప్పింది."

నరహరి జేబులోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. మిల్లువారికి వ్రాసిన ఉత్తరం. తాను మానుకొంటున్నానని, తన చోటు బజారికి ఇవ్వమని ఉంది.

"నిన్న మీరు ఆదోనికి పోయినప్పుడే వ్రాసినాను, నాయనా. ఆ చోటు బజారిదే. కానీ తిరుపతికి పోను. గఫూర్ సాబ్ కార్ఖానాలో కూర్చుంటాను. ఆయన భృతి ఇవ్వడు, పరీక్ష ఉండదు, కాగితం ఉండదు. పని మాత్రం నేర్పిస్తాడు."

కాగితం మళ్ళీ చదివాను. రెండు చోట్ల సంధి తప్పింది. కలం నా పక్కనే ఉంది. దిద్దలేదు.

మిల్లులో మూడేళ్ళు గడిపితే ఉద్యోగమైనా వస్తుంది. గఫూర్ సాబ్ దగ్గర గోనెపట్టా మీద కూర్చుని గ్రీజు పూసుకొనే కుర్రవాణ్ణి ఆదోని బజారులో మా బంధువులందరూ చూస్తారు. నన్ను అప్పుడప్పుడు పౌరోహిత్యానికి పిలిచేవాళ్ళు చూస్తారు. అదంతా ఒక్క క్షణంలో నా కళ్ళ ముందు నడిచింది. నరహరి కదలలేదు.

"సోమవారం ఆదోనికి మొదటి బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగాను.

"ఆరుంబావుకు, నాయనా."

వెంకూబాయి చేట మళ్ళీ ఒడిలోకి తీసుకొన్నది.

సోమవారం మేము నలుగురం ఒకే బస్సులో వెళ్ళాము. దారిలో ఒకచోట దేవేంద్రప్ప కిటికీలోంచి పొలాలు చూసి, "ఈడ నేలకు పదను సాలదు" అన్నాడు. మిల్లు గేటు దగ్గర నరహరి ఉత్తరం ఇచ్చాడు. గుమాస్తా చదివి, పుస్తకంలో ఒక పేరు కొట్టివేసి, ఎనిమిదో పేరు పిలిచాడు.

"ఉన్నాను సార్" అన్నాడు బజారి. అక్కర్లేనంత గట్టిగా అన్నాడు.

దేవేంద్రప్ప కొడుకు లోపలికి పోయేదాకా చూసి, ఎదురుగా ఉన్న కార్ఖానా వైపు చేయి చూపాడు. "పదండి సామీ. మీ పిల్లోనికి తోడు నేనొస్తా."

గఫూర్ సాబ్ నేల మీద కూర్చొని ఒక పళ్ళచక్రం విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, బల్ల మీది ఇనుపరజను తుడిచాడు. "రాండి సామీ, కూసోండి. ఈయప్ప కొడుకును తెచ్చినారనుకొంటి."

"బజారి మిల్లులో చేరాడు. వీడు నా కొడుకు. మీ దగ్గర ఉంటానంటున్నాడు."

ఆయన నరహరిని, తరువాత నన్ను, మళ్ళీ నరహరిని చూశాడు. "నా కాడ ఏముంది సామీ? ఆర్నెల్లు ఒకటే పని. ఇనుప ముక్క ఇస్తా. నాలుగు పక్కలా సమంగా వచ్చేదాకా ఆకురాయితో రుద్దల్ల. రాకపోతే ఇంకో ముక్క. పిల్లోళ్ళకు ఇసుగొస్తాది. వాళ్ళ నాయనలకు ఇంకా తొందరగా వస్తాది."

"మా గురువుగారు నా చేత ఆరు నెలలు శబ్దాలే వల్లింపజేశారు, సాబ్. వాకిలి ఊడ్చి, నీళ్ళు తోడి, అవే శబ్దాలు. పద్యం ముట్టుకోనివ్వలేదు."

"అట్లయితే మీకు తెలుసు" అన్నాడు గఫూర్ సాబ్. ఆ ఒక్క మాటతో ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకొన్నట్లయింది. నేను ఎట్లా చదువుకొన్నానో ఇన్నేళ్ళూ నాకే జ్ఞాపకం రాలేదు.

ఆయన గోడమేకు నుంచి ఒక ఆకురాయి తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "మా కార్ఖానాలో ఒక పద్ధతుంది సామీ. మా అబ్బా నాకు సేసినాడు, నేను మా కొడుకు యూనుస్‌కు సేసినా. మొదటి ఆకురాయి తండ్రే ఇయ్యాల. రేపు పిల్లోని యేలు తెగితే, నాయనకు ఇష్టం లేకుండా వచ్చినాడని ఎవరూ అనగూడదు."

ఇనుము నేను అనుకొన్నంత బరువు లేదు. పదకొండేళ్ళ క్రితం పళ్ళెంలో బియ్యం పోసి, ఈ పిల్లవాని వేలు పట్టుకొని మొదటి అక్షరం దిద్దించాను. అప్పుడు ఏ మంత్రం చెప్పాలో నాకు తెలుసు. ఇప్పుడు ఏమీ తోచలేదు. ఆకురాయి చేయి చాచి ఇచ్చాను. నరహరి అందుకోబోయి ఆగిపోయాడు. గరుకు పళ్ళ వైపు వానికి పెట్టి, కొయ్యపిడి నా పిడికిట్లో ఉంచుకొన్నాను.

"అట్ల గాదు సామీ" అన్నాడు గఫూర్ సాబ్ మెల్లగా. "పిడి వానికి రావాల. మీరు పట్టుకొంటే వాడేం పట్టుకొంటాడు?"

తిప్పి ఇచ్చాను. పళ్ళు నా అరచేతిని గీరాయి. వాడు పిడి పట్టుకొని, ఆకురాయిని కళ్ళకద్దుకొన్నాడు.

"నేర్చుకో నాయనా" అన్నాను.

తిరుగు బస్సుకు ఇంకా రెండు గంటలుంది. దేవేంద్రప్ప, నేను కార్ఖానా బయట అరుగు మీద కూర్చున్నాము. లోపలి నుంచి ఇనుము మీద ఆకురాయి నడిచే చప్పుడు వినిపించసాగింది. మొదట గజిబిజిగా, ఆగి ఆగి వచ్చింది. ఇద్దరమూ చెవి ఒగ్గి విన్నాము. ఎండ అరుగు మీదికి వచ్చేసరికి అది ఒక వరుసకు కుదిరింది.

"పట్టుబడినట్లుంది సామీ" అన్నాడు దేవేంద్రప్ప, తన తువ్వాలు పరచి నాకు నీడకు చోటిస్తూ.

ఈ కథ చదివినవారికీ, ఒకరు చదువగా విన్నవారికీ చేతినిండా పని, పనికి తగిన అన్నం, ఇంట పిల్లల మాట వినే ఓర్పు కలుగునుగాక. దారి అడిగినవారికి మంచి దారి దొరుకునుగాక. దారి చెప్పినవారు తప్పితే, తప్పు దిద్దుకొనే వ్యవధిని స్వామి వారికి ప్రసాదించునుగాక. సర్వే జనాః సుఖినో భవంతు.